ఆకుపచ్చ అంచు

"నా మొగుణ్ణి నేనే చంపానండీ. ఇంక మీరు కనిపెట్టడానికి ఏముంది?"

టైలరమ్మ ఆ మాట అంటూ కూడా కుట్టుమిషన్ తొక్కడం ఆపలేదు. సూది కింద గుడ్డ లేదు. ఉత్తి సూది పైకీ కిందికీ ఆడుతోంది.

ఆ ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీనీ డిటెక్టివ్‌కి వేశారు. అతను దాన్ని మిషన్ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. పోలీసు డిపార్ట్‌మెంట్లో ఉన్నప్పుడు అతన్ని నత్త అనేవాళ్ళు. ఒక కేసు పట్టుకుంటే ఈడ్చి ఈడ్చి గానీ వదలడని ఆ పేరు పెట్టారు. ఉద్యోగం మానేసి సొంతంగా బోర్డు పెట్టుకున్నా పేరు మాత్రం వెంటే వచ్చింది. అతనేమీ నొచ్చుకునేవాడు కాదు. "నత్తకి సొంతిల్లయినా ఉంది, నాకు అదీ లేదు" అని నవ్వేసేవాడు.

"ఎలా చంపారమ్మా?" అన్నాడు నెమ్మదిగా.

"నోటితో."

మిషన్ ఆగింది.

"పోయిన వారం గొడవపడ్డాం. ఆ కంపెనీలోనే ఫిట్టరు పని చేస్తూ, ఆ మంట గొట్టానికే బోల్టులు బిగిస్తూ, సాయంత్రం నా పక్కన కూర్చుని అన్నం ఎలా సయిస్తోంది నీకు అన్నాను. చేతనైతే ఒక్కసారి ఆ మంట ఆర్పి చూపించు అన్నాను. ఆయన నవ్వేసి డ్యూటీకి వెళ్ళిపోయాడు. గురువారం మధ్యాహ్నం మంట ఆరింది." ఆమె చెంగుతో కళ్ళొత్తుకుంది. "ఆయన అక్కడ ప్రాణం వదులుతుంటే, నేనిక్కడ వీధిలో నిలబడి చప్పట్లు కొట్టానండీ."

గబగబా ఓదార్చేవాళ్ళంటే డిటెక్టివ్‌కి చిరాకు. ఏడ్చేవాళ్ళని ఏడవనివ్వాలి అనేది అతని పద్ధతి. జేబురుమాలు తీసి మిషన్ మీద పెట్టి, కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు.

కిటికీలోంచి మంట కనబడుతూనే ఉంది. వీధి చివర చమురు బావులున్నాయి. చమురుతో పాటు పైకొచ్చే గ్యాస్‌ని కంపెనీ ఒక ఎత్తయిన గొట్టంలోంచి వదిలి, కొసన రాత్రనకా పగలనకా తగలబెడుతుంది. ఆ హోరులో బతికి బతికి ఆ వీధిలో అందరికీ అరిచి మాట్లాడటం అలవాటైపోయింది. బోరు నీళ్ళ మీద జిడ్డు తెట్టె. పిల్లలకి విడవని దగ్గు. టైలరమ్మ కూతురు రెండేళ్ళు నిండకుండానే ఆ దగ్గుతో పోయింది. ఎందుకు పోయిందో డాక్టరు తేల్చి చెప్పలేదు గానీ, ఆ పిల్ల గుడ్డలు చెప్పాయి. పొద్దున ఉతికి ఆరేసిన తెల్లగుడ్డలు సాయంత్రానికి మసిబారి ఉండేవి. కూతురి ఊపిరిలోకి ఏం పోయిందో ఆ తల్లి కళ్ళారా చూసింది.

తెల్లగుడ్డల సంఘం అలా పుట్టింది. ఇంటింటా పొద్దున ఒక తెల్లగుడ్డ ఆరేస్తారు. సాయంత్రం తీసి, ఆ మసిగుడ్డల్ని తీసుకెళ్ళి ఆఫీసర్ల బల్లల మీద పరుస్తారు. "ఈ పొగ మా వీధితో ఆగదు సార్. ఏటికేడు ఎండలు ఇలా మాడ్చేస్తున్నాయంటే ఇలాంటి మంటల వల్లే. ఏసీ గదిలో ఉన్నా మిమ్మల్నీ వదలదు" అని టైలరమ్మ చెబుతుంటే మొదట్లో నవ్వేవాళ్ళు. గుడ్డలు కోర్టుదాకా వెళ్ళాక నవ్వడం మానేశారు.

ఇప్పుడు కంపెనీకి అడక్కుండానే వరం దొరికింది. ఫిట్టరు పెళ్ళాం మాట విని దొంగచాటుగా వెళ్ళి మంట ఆర్పాడు, ఆ గ్యాసే పీల్చి అక్కడే పడిపోయాడు, తర్వాత మా సిబ్బందే ప్రాణాలకు తెగించి మంట అంటించారు అంటున్నారు. అదంతా నిజమని, తనే ఉసిగొల్పానని టైలరమ్మ సంతకం పెడితే మిగతా ఆడవాళ్ళ మీద కేసులుండవట. నాలుగింటికి కాగితం పట్టుకొస్తారు. ఆ సంతకం పడిన రోజున సంఘం పని సరి. అందుకే సంఘం ఆడవాళ్ళు ఆదరాబాదరాగా డిటెక్టివ్‌ని పిలిచారు.

"పెడతారా సంతకం?"

"అబద్ధమైతే పెట్టను. నిజమే కదండీ."

పెరటి గుమ్మంలో ఫిట్టరు తల్లి కూర్చుని, మడతపెట్టిన గుడ్డనే విప్పి మళ్ళీ మడతపెడుతోంది. వచ్చినప్పట్నుంచీ ఆవిడ తల ఎత్తలేదు.

"పెద్దమ్మగారూ, మీరేమంటారు?"

"నాకు చెవులు సరిగ్గా వినపడవు బాబూ" అంది ఆవిడ.

డిటెక్టివ్ అడిగింది మామూలు గొంతుతో. బయట ఆ హోరు. ఆవిడ మాత్రం ఠక్కున జవాబిచ్చింది. ఆ సంగతి అతను మనసులో పెట్టుకున్నాడు.

మిషన్ మీద ఒక దారపు కండె ఉంది. ఆకుపచ్చది.

"ఈ పచ్చదారం దేనికమ్మా? మీవన్నీ తెల్లగుడ్డలు కదా."

టైలరమ్మ ఆ కండెని అరచేతిలోకి తీసుకుంది. "మంట ఆరిన రోజుకని ఇంటికో కొత్తగుడ్డ కుట్టానండీ, పచ్చ అంచు వేసి. ఎవరి గుడ్డ మూల వాళ్ళ గుర్తు. ఒకళ్ళకి చిలక, ఒకళ్ళకి చేప. మాది గజ్జె. మా పిల్ల కాలిది." కండెని వేళ్ళ మధ్య తిప్పింది. "అన్నీ ఒక మూటలో పెట్టి మూతి కుట్టేశాను. ఆ రోజొచ్చేదాకా విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాం. గురువారం మంట ఆరగానే వీధి వీధంతా చుట్టూ మూగారు. అందరి ముందూ కత్తెరతో కోసి విప్పాను. పాతవి పీకేసి కొత్తవి ఆరేశాం. మాది ఆ పక్కసందులో తీగ మీద వేశాను. తర్వాత చూస్తే లేదు. గాలికి ఎగిరిపోయినట్టుంది."

"గాలి ఎటు కొడుతోంది అప్పుడు?"

"ఇటే. గొట్టం వైపు నుంచి ఇంట్లోకే."

"మరి ఎగిరితే ఇంట్లోనే పడాలిగా?"

టైలరమ్మ కండెని మిషన్ మీద పెట్టేసింది. ఆమె బుర్ర పనిచేసే స్థితిలో లేదు పాపం. గుమ్మంలో పెద్దావిడ చేతిలోని గుడ్డ మాత్రం జారి కింద పడింది.

డిటెక్టివ్ లేచాడు. "నేనొచ్చేదాకా ఆ పెన్ను ముట్టుకోకండమ్మా. ఈ ఒక్క మాట నాకోసం వినండి."

కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ ఆఫీసరు కాచుకుని ఉన్నాడు. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో పోలీసు ఉద్యోగంలో చేరారు. కేసుల్ని ఒక్కపూటలో తేల్చి పారేస్తాడని అతనికి మెరుపు అని పేరు. అలా తేల్చి పారేసినవాటిలో కొన్నింటిని నత్త తర్వాత తిరగదోడాడు. ఆనాటి నుంచీ ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

"ఏం నత్తగారూ, కేసు మూసేశాక వచ్చారా?"

"మెరుపు మెరిశాక ఉరుము వినపడటానికి కాస్త టైం పడుతుంది కదా."

మెరుపు మూతి ముడుచుకుని ముందు నడిచాడు. గొట్టం మొదట్లో సెగకి మొహం చిటచిటలాడుతోంది. నేలంతా శుభ్రంగా కడిగేశారు. ఒక ఇనప స్తంభానికి చిన్న పెట్టె, దానికి పగిలిన అద్దం. దానికి ఎదురుగా, పది అడుగుల అవతల, ఒక పెద్ద చక్రం. దానికి గొలుసు, గొలుసుకి తాళం.

"శవం ఎక్కడుంది?"

"ఈ పెట్టె కిందే."

"ఇదేమిటి?"

"మంట అంటించే స్విచ్."

"మరి ఆర్పేది?"

మెరుపు చక్రం వైపు చెయ్యి చూపించాడు. డిటెక్టివ్ దాని దగ్గరికి వెళ్ళి తాళాన్ని వేలితో కదిపాడు. తుప్పు రాలింది. గొలుసు మీద మసి ఎక్కడా చెదరలేదు.

"దీన్నెవరో తిప్పినట్టు లేదే."

"దొంగ తాళంచెవి ఉండి ఉంటుంది. అక్కడే పనిచేసేవాడు, ఎలా తిప్పాలో వాడికి తెలీదా?"

"సరే, ఆర్పాడనుకుందాం. ఆర్పడానికి వచ్చినవాడు అంటించే పెట్టె అద్దం ఎందుకు బద్దలు కొట్టినట్టు?"

"కోపం. కనబడినదల్లా పగలగొట్టాడు."

"కనబడినదల్లా పగలగొట్టలేదు. ఈ ఒక్కటే. స్విచ్ నొక్కింది ఎవరు?"

"మా వాళ్ళు."

"ఒక్కణ్ణి పిలు. మాట్లాడతాను."

"షిఫ్టు మారింది."

"అందరికీ ఒకేసారి మారిందా?"

మెరుపు నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. సెగ వల్లేనని అనుకోవాలి.

"ఇంకొక్కటి" అన్నాడు డిటెక్టివ్. "మంట ఆరితే గ్యాస్ కూడా ఆగుతుందా?"

"అంటే?"

"స్టవ్వు మీద మంట గాలికి ఆరిపోతే ఏం చేస్తాం? కట్టకపోతే ఇల్లంతా నిండుతుంది. ఆ రోజు గాలి వీధివైపు కొడుతోంది. వీధిలో పసిపిల్లల్తో సహా అందరూ బయటికొచ్చి చప్పట్లు కొడుతున్నారు. మంట ఆరితే మంచిదేననుకున్నారు వాళ్ళు. అలా అనుకునేది వాళ్ళొక్కళ్ళే. కానీ నీకు తెలుసు. మీ సైరన్ ఎందుకు మోగలేదు?"

"రిపేరులో ఉంది."

"ఇప్పటికీనా?"

మెరుపు కాసేపు బూటుతో నేల గీకి, తర్వాత తన తురుపుముక్క తీశాడు. ప్లాస్టిక్ కవరులో ఒక గుడ్డ. "ఈ కబుర్లన్నీ ఎందుకు? ఇది చూడండి. శవం మూతికి, ముక్కుకి బిగించి కట్టి ఉంది, తడిపి మరీ. ఆ ఆడవాళ్ళ సంఘం గుడ్డ. అన్నీ సిద్ధం చేసుకుని వచ్చాడన్నమాట. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి మీకు?"

డిటెక్టివ్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. తెల్లగుడ్డ. ఆకుపచ్చ అంచు. ఒక మూల దారంతో కుట్టిన బుల్లి గజ్జె.

చాలాసేపు చూశాడు. శత్రువు ముందు కళ్ళు తుడుచుకోవడం ఇష్టంలేక, కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"నాలుగింటికి కాగితం పట్టుకొస్తావుగా?"

"వస్తాను."

"దీన్ని కూడా పట్టుకురా. మర్చిపోకేం."

నాలుగింటికి మెరుపు వచ్చాడు. కాగితం మిషన్ మీద పరిచి, పెన్ను మూత తీసి మరీ చేతికిచ్చాడు. టైలరమ్మ పెన్ను అందుకుంది. ఆమె చెయ్యి వణకడం లేదు. అదే డిటెక్టివ్‌ని భయపెట్టింది.

"ఒక్క నిమిషం తల్లీ. ముందు ఆ గుడ్డ చూడండి."

కవరు చూడగానే ఆమె పెన్ను వదిలేసింది. ప్లాస్టిక్ మీంచే ఆ గజ్జెని వేలితో తడిమింది. "ఇది మాది. ఇది మీకెక్కడ దొరికింది?"

"మీ ఆయన మూతికి కట్టుకుని ఉంది. ఇప్పుడు చెప్పండి, మూట ఎప్పుడు విప్పారు?"

"మంట ఆరాక."

"అంతకుముందు అందులోంచి ఒక్క గుడ్డ తియ్యడానికి వీలుందా?"

"మూతి కుట్టేసి ఉందండీ. నా కుట్టు నాకు తెలీదా? వీధంతా చూశారు కూడా."

"మరి మంట ఆర్పడానికి వెళ్ళిన మనిషి మూతికి, మంట ఆరాక గానీ బయటికి రాని గుడ్డ ఎలా వచ్చిందమ్మా?"

ఆమె కవరుని రెండు చేతుల్తో దగ్గరికి లాక్కుంది.

"ఒకటి ఎక్కువ కుట్టి ముందే మొగుడికి ఇచ్చిందేమో" అన్నాడు మెరుపు. అయితే ఆ గొంతులో మునుపటి జోరు లేదు.

"అలా కూడా అనొచ్చు. అందుకే ఇక అడగాల్సింది ఈమెని కాదు." డిటెక్టివ్ పెరటి గుమ్మం దగ్గరికి వెళ్ళి, మోకాలు నొప్పెడుతున్నా పెద్దావిడ ముందు గొంతుక్కూర్చున్నాడు. పక్కవాడికి కూడా వినపడనంత మెల్లిగా అన్నాడు. "పెద్దమ్మా. వాడు ఇంటికొచ్చాడు కదూ?"

ఆవిడకి వినపడింది. ముడతల మొహం ఒక్కసారిగా కుంగిపోయింది.

"వచ్చాడు బాబూ. ఇదిగో, ఈ గుమ్మంలోంచే. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. రొప్పుతున్నాడు. సందులో తీగ మీద గుడ్డ లాగి తొట్లో ముంచాడు. కొత్తగుడ్డ తడుపుతావేంట్రా వెధవా అని తిట్టాను. వాడితో నా ఆఖరి మాట అదీ." చీర చెంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి తీసింది. "అమ్మా, మంట ఆరింది గానీ గ్యాస్ ఆగలేదు. అక్కడ అందరూ గేటు దూకి పారిపోయారు. నేను వెళ్ళి అంటించి వస్తాను. నువ్వు వీధిలో అందర్నీ నీళ్ళ ట్యాంకు మెట్ట ఎక్కించు, గాలి అటు పోదు అన్నాడు. నీ కోడలికి మాత్రం నేను వెళ్ళానని చెప్పకు, వెనకే పరిగెత్తుకొస్తుంది అన్నాడు."

"మీరు వీధిలోకి వెళ్ళారా?"

"వెళ్ళాను. ఈ పిల్ల నవ్వుతోంది బాబూ." ఆవిడ కోడలివైపు చూసింది. "మనవరాలు పోయిన దగ్గర్నుంచీ దీని నవ్వు నేను చూసి ఎరగను. ఆవేళ చేతులెత్తి చప్పట్లు కొడుతూ పకపకా నవ్వుతోంది. నా నోట్లో మాట నోట్లోనే ఉంది. ఒక్క నిమిషం నవ్వనిద్దాం అనుకున్నాను. ఒక్క నిమిషమేగా అనుకున్నాను. అంతలో భగ్గుమని మంట వచ్చేసింది. అంటించేశాడు నా తండ్రి, ఇంక వచ్చేస్తాడులే అని పొయ్యి మీద నీళ్ళు పెట్టాను, స్నానానికి." ఆవిడ ఇక ఆపుకోలేకపోయింది. "వెంటనే చెప్పి ఉంటే ఎవరో ఒకరు వాడి వెనక వెళ్ళేవాళ్ళు కదా. లాక్కొచ్చేవాళ్ళు కదా. నిన్ను క్షమించమని ఏ మొహంతో అడగను అమ్మాయ్? నీ మొగుణ్ణి నువ్వు చంపానంటుంటే, కాదే, నేనే అని చెప్పడానికి నోరు రాలేదే నాకు."

టైలరమ్మ లేచి వచ్చింది. అత్తగారి ఒళ్ళో తల పెట్టుకుని, ఆవిడ నడుం చుట్టూ చేతులు వేసి పట్టుకుంది.

"అత్తయ్యా, నేనంతగా నవ్వానా ఆవేళ?" అంది తల ఎత్తకుండానే.

"నవ్వావే తల్లీ."

ఆమె తల ఎత్తి డిటెక్టివ్‌ని చూసింది. "అయితే నా మాటకి పోలేదా ఆయన?"

"లేదమ్మా. మీరు ఆర్పమన్నారని ఆర్పలేదు. మీరు బతకాలని అంటించాడు."

ఆ మాటకి ఆమె ఏడ్చింది. ఇందాకటి ఏడుపు కాదు ఇది. పెద్దావిడ ఆమె జుట్టు నిమురుతూ కూర్చుంది. డిటెక్టివ్ మిషన్ మీది కాగితాన్ని తీసి, నాలుగు మడతలు పెట్టి, మెరుపు చొక్కా జేబులో కుక్కాడు.

"ఇక నువ్వు చెప్పు. ఆ గొలుసు ఎవరూ కదపలేదు. మరి మంట ఎలా ఆరింది?"

మెరుపు గోడకి ఆనుకుని ఉన్నాడు. చూడబోతే అతనికీ తల్లి ఉన్నట్టే ఉంది. "నాకు పైనుంచి ఏం రాయమంటే అది రాశాను. ఆ గుడ్డ సంగతి నాకు తెలీదు, ఒట్టు. మంట ఎవరూ ఆర్పలేదు. కొత్త బావి తెరిచారు. అనుకున్నదానికన్నా గ్యాస్ ఎగదన్నింది. ఆ తాకిడికి ఆరిపోయింది. కోర్టు వాయిదాకి ముందే దాన్ని మొదలెట్టెయ్యాలని తొందర. అందుకే ఇవాళ మళ్ళీ..."

చటుక్కున ఆగి, చేతి గడియారం చూసుకున్నాడు.

"ఇవాళ మళ్ళీ ఏంటి?"

"నాలుగున్నరకి మళ్ళీ తెరుస్తున్నారు."

డిటెక్టివ్ ఏదో అనబోయాడు. తన గొంతు తనకే మరీ పెద్దగా వినపడింది. గదిలో గోడగడియారం టిక్కుటిక్కుమంటోంది. ఇందాకటి నుంచీ అది వినపడనేలేదు.

హోరు ఆగిపోయింది.

నలుగురూ ఒకేసారి కిటికీవైపు తిరిగారు. గొట్టం కొసన మంట లేదు. సన్నగా ఈల లాంటి చప్పుడు మాత్రం వస్తోంది. వీధిలో తీగల మీద గుడ్డలన్నీ ఇటే, ఇళ్ళవైపే ఎగురుతున్నాయి. కుళ్ళిన గుడ్డు వాసన లీలగా గుమ్మం దాటి వచ్చింది. అవతల ఎవరో ఆడమనిషి "ఆరిందర్రోయ్!" అని కేకపెట్టింది. తలుపులు తెరుచుకున్నాయి. పిల్లలు బిలబిలమంటూ రోడ్డెక్కారు. చప్పట్లు మొదలయ్యాయి.

మెరుపు ఫోన్ తీసి నంబరు నొక్కుతూ, "ఎత్తరేంట్రా, ఎత్తండ్రా" అంటూ గుమ్మం దాటాడు.

టైలరమ్మ గోడకి తగిలించి ఉన్న సంఘం చేతిమైకుని మేకు మీంచి లాగి నోటి దగ్గర పెట్టుకుంది. అంతలోనే దించింది. తర్వాత దాన్ని అత్తగారి చేతిలో పెట్టింది.

"మీరు చెప్పండి అత్తయ్యా. మీకే కదా చెప్పమన్నాడు."

పెద్దావిడ లేచింది. డిటెక్టివ్ భుజం ఆసరా ఇచ్చి వీధిలోకి నడిపించాడు. ఆవిడ మైకుని రెండు చేతుల్తో పట్టుకుని గొంతెత్తింది.

"చప్పట్లు ఆపండర్రా! నా కొడుకు చెప్పమన్నాడు! మెట్ట ఎక్కండి! అది విషం, పిల్లల్ని ఎత్తుకుని నీళ్ళ ట్యాంకు మెట్ట ఎక్కండి! నా కొడుకు చెప్పమన్నాడు!"

చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగాయి. ఎవరో పిల్లని చంకనేసుకుని పరుగు తీశారు. వాళ్ళ వెనక ఇంకొకరు. క్షణాల్లో వీధి వీధంతా మెట్టవైపు కదిలింది. పెద్దావిడ నడిరోడ్డు మీద నిలబడి, ఆఖరి మనిషి కదిలేదాకా ఆ మాట చెబుతూనే ఉంది.

"మీరూ పదండమ్మా" అని ఆవిణ్ణి ఒక నడికారు మనిషికి అప్పగించి, డిటెక్టివ్ టైలరమ్మ కోసం వెనక్కి తిరిగి గుమ్మంలోకి వచ్చాడు.

గదిలో ఎవరూ లేరు. మిషన్ మీద ప్లాస్టిక్ కవరు చింపి పడేసి ఉంది. అందులో గుడ్డ లేదు. పెరట్లో తొట్టి నీళ్ళు ఇంకా ఊగుతున్నాయి. తొట్టి దగ్గర్నుంచి తడి పాదాల ముద్రలు పెరటి తలుపు దాటి గొట్టం వైపు వెళ్ళాయి.

వెనకే పరిగెత్తుకొస్తుంది అని వాడు చెప్పనే చెప్పాడు.

డిటెక్టివ్ జేబురుమాలు తొట్లో ముంచి ముక్కుకి కట్టుకున్నాడు. మోకాలి సంగతి మర్చిపోయాడు. పెరటి గడప దాటి, తన జన్మలో మొదటిసారి, నత్త పరిగెత్తాడు.